బావంచాల పొడితో దెబ్బతిన్న కాలేయం: పర్లాకిమిడి వైపు ఒక కేసు, ప్రోబ్ పరీక్ష ఎంతవరకు పనికొచ్చింది

రోగి 46 ఏళ్ల మహిళ. ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గరి పల్లె. బరువు 54 కిలోలు. మద్యం అలవాటు లేదు, షుగర్ లేదు, క్షయ మందులు ఎప్పుడూ వాడలేదు. ఆనవాలు పట్టే వివరాలు మార్చాం. వారం రోజులుగా వాంతి వచ్చేటట్టు ఉండడం, అన్నం సయించకపోవడం, ఆ తరువాత మూత్రం ముదురు పసుపుగా రావడం, కళ్లు పచ్చబడడం. చేతుల మీద, పెదవి అంచున బొల్లి మచ్చలు.

ఇలాంటి కేసు తేలేదీ మునిగేదీ మందుల చరిత్ర దగ్గరే. అడిగే తీరు బట్టి జవాబు మారిపోతుంది కాబట్టి ఆ సంభాషణ ఇక్కడ రాస్తున్నాం.

"మందులేవైనా వాడుతున్నారా అమ్మా?"

"ఏటీ నేదు బాబూ."

"పొడి గానీ, పసరు గానీ, కషాయం గానీ, లేహ్యం గానీ?"

"తెల్లమచ్చలకి గింజల పొడి తింతన్నాను. అది మందేటి బాబూ, చెట్టుదే కదా!"

ఏడు వారాలుగా తింటోంది. రోజుకు రెండు పూటలు, టీస్పూను చొప్పున, గోరువెచ్చని పాలతో. ఆమె వాడిన స్పూనుతోనే తూచి చూస్తే పూటకు 3 గ్రాములు తూగింది. పొట్లం మీద పేరు లేదు. ఇంటివాళ్లు దుకాణానికి వెళ్లి అడిగితే తెలిసింది: సగం బావంచాలు (బాకుచి గింజలు), పావు కరక్కాయ, పావు పసుపు. అంటే రోజుకు 3 గ్రాముల బావంచాలు కడుపులోకి వెళ్తున్నాయి.

ఇంకో రెండు సంగతులు కూడా బయటపడ్డాయి. వికారంతో పాటు ఒళ్లు వెచ్చబడితే రెండు రోజుల్లో నాలుగు పారాసిటమాల్ 650 మి.గ్రా. మాత్రలు వేసుకుంది. కళ్లు పచ్చబడ్డాక పొడి మానేసి, రెండు రోజులు పక్క ఊళ్లో కామెర్ల పసరు తాగింది. ఈ ప్రాంతంలో కామెర్ల రోగి పసరు తాగకుండా ఆసుపత్రికి రావడం అరుదు. కాబట్టి పసరు తాగారా అని అడగక్కర్లేదు, ఏ రోజున తాగారో అడగాలి. కామెర్లకు ముందా తరువాతా అన్న ఒక్క తేడాతో కారణ నిర్ధారణ స్కోరు మారిపోతుంది.

మొదటి రోజు పరీక్షల్లో బిలిరుబిన్ 14.2, అందులో డైరెక్ట్ 10.1. కాలేయ ఎంజైములైన ఏఎల్‌టీ 1120 (పై హద్దు 40), ఏఎస్‌టీ 860, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 168 (పై హద్దు 120). ఆల్బుమిన్ 3.4, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ 1.6. స్పృహ చక్కగా ఉంది, చేతులు చాపి పట్టమంటే వణుకు లేదు.

ఆర్ విలువ లెక్క: 1120ని 40తో భాగిస్తే 28, 168ని 120తో భాగిస్తే 1.4, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 20. ఇది 5 గానీ ఆపైన గానీ ఉంటే దెబ్బ కాలేయ కణాలదే, పైత్యం పారే దారిది కాదు. ఏఎల్‌టీ హద్దుకు మూడు రెట్లు దాటి, బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే దాన్ని హై సూత్రం (హైమన్ జిమ్మర్మన్ అనే వైద్యుడి పేరు మీద) అంటారు. మందు దెబ్బల్లో ఈ గీత దాటినవారిలో సుమారు పదిమందిలో ఒకరు చనిపోవడమో, కాలేయ మార్పిడి దాకా వెళ్లడమో జరుగుతుంది. ఈమె ఆ గీత దాటింది. అందుకే పసరు తాగి తగ్గేదాకా ఇంటి దగ్గర ఉంటామంటే ఒప్పుకోకుండా చేర్చుకున్నారు.

నమూనాల రవాణా గురించి ఒక మాట. సిరల రక్తాన్ని గతుకుల రోడ్డు మీద బరంపురమో శ్రీకాకుళమో పంపితే దారిలో ఎర్రకణాలు పగిలి ఏఎస్‌టీ, ఎల్‌డీహెచ్, పొటాషియం తప్పుగా పెరుగుతాయి. పంపేముందే సెంట్రిఫ్యూజ్ చేసి సీరం వేరు చేయాలి. బిలిరుబిన్ వెలుతురుకు విరిగిపోతుంది, గొట్టానికి రేకు చుట్టాలి. ఐఎన్‌ఆర్ కోసం తీసిన సిట్రేట్ గొట్టంలో రక్తం గీత దాకా నిండకపోతే రీడింగు ఎక్కువ చూపిస్తుంది. ఆ రీడింగు చూసి అనవసరంగా విశాఖ అంబులెన్సు ఎక్కించిన సందర్భాలు ఉంటాయి.

మూలికదే తప్పు అనేముందు వేరే కారణాలన్నీ తుడిచిపెట్టుకు రావాలి. వానాకాలంలో ఇక్కడ కామెర్లంటే ముందు అనుమానించాల్సింది హెపటైటిస్ ఈ. దాని ఐజీఎం (కొత్తగా సోకిందా అని చూసే రక్త పరీక్ష) చేయకుండా మూలికను దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఆమెకు హెపటైటిస్ ఏ, ఈ ఐజీఎంలు, బీ ఉపరితల యాంటిజెన్, కోర్ ఐజీఎం, సీ ఆర్‌ఎన్‌ఏ అన్నీ నెగెటివ్. ఈ జిల్లాల్లో ఫాల్సిపేరం మలేరియా, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరా, సికిల్ సెల్ కూడా చూడాలి, అవీ లేవు. అల్ట్రాసౌండ్‌లో కాలేయం మామూలు సైజు, పైత్యనాళం వెడల్పు కాలేదు, పిత్తాశయం గోడ మాత్రం మందంగా ఉంది. తీవ్రమైన హెపటైటిస్‌లో ఆ గోడ ఉబ్బడం మామూలే, దాన్ని చూసి ఆపరేషన్ మాట ఎత్తకూడదు. ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయం మీద పడిందేమో చూసే పరీక్షల్లో ఏఎన్‌ఏ 1:80, ఐజీజీ పై హద్దు దగ్గర. తిప్పతీగ కేసుల్లో ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలిన చిత్రం మన దేశం నుంచి 2021 నుంచీ ప్రచురితమవుతోంది కాబట్టి ఇంట్లో తిప్పతీగ కూడా వాడారా అని మళ్లీ అడిగారు. వాడలేదు.

సీఎంవీ, ఈబీవీ వైరస్‌ల పరీక్షలు అందుబాటులో లేక చేయలేదు. ఆ లోటు స్కోరులో కనబడుతుంది.

దెబ్బకు ఆ మందే కారణమా అని తూచే స్కోరు రూకామ్ 2016 పద్ధతిలో వేశారు. పొడి మొదలెట్టిన 5 నుంచి 90 రోజుల మధ్య లక్షణాలు వచ్చాయి కాబట్టి 2. మానేశాక 8 రోజుల్లో ఏఎల్‌టీ సగానికి పైగా తగ్గింది కాబట్టి 3. ఇక్కడ సగం అంటే హద్దు మీద పెరిగిన భాగంలో సగం: 1120లోంచి 40 తీస్తే 1080, ఎనిమిదో రోజు 486లోంచి 40 తీస్తే 446, తగ్గుదల 59 శాతం. మద్యానికి, వయసుకు 0. పారాసిటమాల్, పసరు రెండూ లక్షణాలు మొదలయ్యాకే పడ్డాయి, కాలం కుదరదు కాబట్టి మైనస్ లేదు. మొదటి వర్గంలోని ఏడు కారణాలూ తోసిపుచ్చాం, సీఎంవీ, ఈబీవీ ఉన్న రెండో వర్గం పూర్తి కాలేదు, కాబట్టి 1. బావంచాల కాలేయ హాని వైద్య పత్రికల్లో వచ్చింది గానీ పొట్లం మీద హెచ్చరిక లేదు, 1. మొత్తం 7, అంటే 'బహుశా ఇదే'. 9 గానీ ఆపైన గానీ వస్తేనే 'దాదాపు ఖాయం'. మళ్లీ తినిపించి చూస్తే స్కోరు పెరుగుతుంది, కానీ అలా చేయడం నేరంతో సమానం.

రూకామ్ ఒక్కో మందుకు వేసే స్కోరు. ఇక్కడ పొట్లంలో మూడు దినుసులు. పసుపు కూడా నిర్దోషి కాదు, ముఖ్యంగా మిరియాల సారం కలిపిన పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురితమయ్యాయి. మరి మూడింటిలో దెబ్బ కొట్టింది ఏది? ఆ ప్రశ్న కోసమే పొడిని ప్రయోగశాలకు పంపారు. రోగి వైద్యానికి ఆ జవాబు అవసరం లేదు, మూడూ మానేసింది కదా. దుకాణంలో అదే డబ్బాలోంచి పొడి కొంటున్నవాళ్లకు అవసరం.

ముందుగా ఒక భ్రమ తొలగించాలి. 'కాలేయ హానిని చూపించే మెరుపు ప్రోబ్' (ఒక నిర్ణీత రసాయనం తగిలితే వెలిగే రంగు పదార్థం) అనగానే రోగికి సూది వేసి పొట్ట మీద కెమెరా పెడతారని చాలామంది అనుకుంటారు. సమీప పరారుణ కాంతి కూడా శరీరంలోకి లోతుగా పోదు. మనిషి కాలేయం చర్మం, కొవ్వు, పక్కటెముకల వెనక ఉంటుంది. ఎలుకలో, జీబ్రా చేప పిల్లలో, కణాల పళ్లెంలో పనిచేసే పని అది. మనిషికి వాడుకలో ఉన్న రంగు ఇండోసయనిన్ గ్రీన్ ఒకటుంది, పూర్తిగా కాలేయం ద్వారానే పైత్యంలోకి పోతుంది. కానీ కాలేయ కణంలోకి అది వెళ్లే వాహకాలే బిలిరుబిన్‌వి కూడా. 14 బిలిరుబిన్ ఉన్న మనిషిలో ఆ పరీక్ష కాలేయ శక్తిని కొలవదు, పోటీని కొలుస్తుంది. గాడాక్సెటేట్ మందు ఎక్కించి తీసే ఎమ్మారై కథా అంతే. కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీ మొదటివారంలో 14 కిలోపాస్కల్ చూపించింది. అది మచ్చ కాదు, వాపు. మూడు నెలలకు 5.6కు దిగింది. మొదటి రీడింగు చూసి సిర్రోసిస్ అని రాసేస్తే ఆ కాగితం ఆమెను జీవితాంతం వదలదు.

పొడిని పంపే పద్ధతి. కనీసం 50 గ్రాములు, రోగి వాడిన పొట్లంలోంచే. పొట్లాన్ని ముందు ఫొటో తీయాలి. జిప్ కవరులో సిలికా జెల్ సంచితో వేసి, నల్ల కాగితం చుట్టి, తేదీ, తీసుకున్నవారి సంతకం. వానాకాలంలో పొడిని వారం రోజులు బల్ల మీద వదిలేస్తే బూజు పడుతుంది, అప్పుడు కనబడే అఫ్లటాక్సిన్ రోగి తిన్నదో తరువాత పుట్టిందో ఎవరూ చెప్పలేరు. అదే దుకాణంలోంచి దంచని గింజలు, కరక్కాయ, పసుపు విడివిడిగా కూడా తెచ్చారు. ప్రోబ్‌కన్నా ముందు సీసం, ఆర్సెనిక్, పాదరసం, కాడ్మియం చూడాలి. ఆయుర్వేద మందుల హద్దులు వరసగా 10, 3, 1, 0.3 పీపీఎం. డెక్సామెథసోన్, డైక్లోఫెనాక్ లాంటివి రహస్యంగా కలిపారేమో కూడా చూడాలి. డైక్లోఫెనాక్ ఒక్కటే ఇంత పని చేయగలదు. ఈ పొడిలో కల్తీ లేదు, లోహాలు హద్దుల్లోనే ఉన్నాయి.

ప్రోబ్ పట్టుకోవడానికి ఎంచుకున్న గురి పెరాక్సీనైట్రైట్. కాలేయ కణం ఒత్తిడికి లోనైనప్పుడు సూపరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కలిసి ఇది పుడుతుంది, ఎంజైములు రక్తంలోకి కారకముందే. దాని ఆయుష్షు మిల్లీసెకన్లలో. అందుకే బోరోనేట్ గుంపు తగిలించిన ప్రోబ్‌లు వాడతారు. బోరోనేట్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కూడా చర్య జరుపుతుంది గానీ, పెరాక్సీనైట్రైట్‌తో సుమారు పది లక్షల రెట్లు వేగంగా జరుపుతుంది. ఎలుక కాలేయంలో ఇలాంటి ఒత్తిడిని మందు ఇచ్చిన కొద్ది సేపట్లోనే చూడవచ్చని 2014లో పారాసిటమాల్, ఐసోనియజిడ్‌లతో చూపించారు.

పని ఇలా సాగింది. ప్రతి దినుసు 1 గ్రాము, 10 మి.లీ. 70 శాతం ఇథనాల్‌లో, 30 నిమిషాలు శబ్ద తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో. 0.22 మైక్రాన్ వడపోత, ఆరబెట్టి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించడం. కణాల మీద చివరికి మిగిలే డీఎంఎస్‌ఓ 0.1 శాతం మించకూడదు. రోగి పాలతో తాగింది కాబట్టి వేడినీటి కషాయం కూడా సమాంతరంగా. నల్ల గోడల 96 గుంటల పళ్లెం, గుంటకు 10,000 కణాలు, రాత్రంతా అతుక్కోనిచ్చి, సారం మిల్లీలీటరుకు 10 నుంచి 200 మైక్రోగ్రాములు. 2, 6, 24 గంటల దగ్గర సారం తీసేసి మూడుసార్లు కడిగి, 10 మైక్రోమోలార్ ప్రోబ్ 30 నిమిషాలు, మళ్లీ కడిగి చదవడం.

ప్రయోగశాలలో పెంచే కాలేయ కణాల్లో హెప్‌జీ2 రకం వాడితే చవక, కానీ మందుల్ని మార్చే సైటోక్రోమ్ ఎంజైములు వాటిలో బాగా తక్కువ. బావంచాల్లోని సొరాలెన్, ఐసోసొరాలెన్‌ల ఫ్యూరాన్ వలయం ఆ ఎంజైముల చేతిలో పడ్డాకే చురుకైన విషంగా మారుతుంది. హెప్‌జీ2లో మెరుపు రాకపోతే పొడి మంచిదని రాయడం పెద్ద పొరపాటు. ఆ ఎంజైములు ఎక్కువగా ఉండే హెపాఆర్‌జీ కణాల్లో మళ్లీ చూడాల్సిందే. ఇదే కారణంగా పాజిటివ్ కంట్రోల్ పారాసిటమాల్‌ను హెప్‌జీ2కు 10 నుంచి 20 మిల్లీమోలార్ దాకా పోయాల్సివస్తుంది.

అసలు తంటా మూలిక సొంత మెరుపుతో. పసుపులోని కర్కుమిన్ 420 నానోమీటర్ల దగ్గర వెలుగు తాగి 530 దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది, సరిగ్గా ఫ్లోరెసిన్ తరహా ప్రోబ్‌లు వెలిగే చోటే. సొరాలెన్ అతినీల వెలుగులో నీలంగా మెరుస్తుంది. ఆకు మందులైతే పత్రహరితం 680 దగ్గర ఎర్రగా మెరుస్తుంది, కాబట్టి ఎర్ర ప్రోబ్ వాడామన్న ధీమా కూడా పనికిరాదు. ఈ పొడితో ఆకుపచ్చ ప్రోబ్ పళ్లెం వేస్తే ప్రోబ్ పోయని గుంటలూ వెలిగాయి. 750 నానోమీటర్ల పైన వెలిగే హెమిసయనిన్ ప్రోబ్‌కు మారాక ఆ గుంటలు చీకటిగా ఉన్నాయి. ప్రోబ్ లేని సారపు గుంట లేకుండా వచ్చిన ఏ మూలిక పేపరునూ నమ్మనక్కర్లేదు.

అతినీల వెలుగు వేసే డీఏపీఐ ఛానల్‌తో కేంద్రకాలు చూద్దామన్న అలవాటు బావంచాల దగ్గర ప్రమాదం. సొరాలెన్ మీద 320 నుంచి 400 నానోమీటర్ల వెలుగు పడితే అది డీఎన్‌ఏకు అతుక్కుని రెండు పోగుల్నీ బిగించేస్తుంది. బొల్లికి ఇచ్చే ప్యూవా (సొరాలెన్‌తో పాటు అతినీల వెలుగు) వైద్యం నడిచేది ఆ గుణం మీదే. సూక్ష్మదర్శిని కింద 365 దీపం వెలిగించి, తరువాత కణాలు చచ్చాయంటే చంపింది దీపం. సారం పడ్డ దగ్గరనుంచి పళ్లేన్ని రేకులో చుట్టి, ఎర్ర వెలుగులోనే పని ముగించారు.

కరక్కాయ తిప్పలు దానికి ఎదురు. దాని టానిన్లు ముదురు రంగువి, ప్రోబ్ వెలుగును తాగేస్తాయి, పైగా ఆక్సీకరణను అడ్డుకుని ఒత్తిడే లేనట్టు చూపిస్తాయి. అవే టానిన్లు పెంపక ద్రవంలో గాలి తగిలి వాటంతట అవే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. అందుకే కణాల్లేని గుంటల్లో సారం, ద్రవం, ప్రోబ్ మాత్రమే పోసి ఒక వరస పెట్టాలి. ఎంటీటీ పరీక్షతో బతికిన కణాలు లెక్కపెడితే టానిన్లే దాన్ని ఊదా రంగుకు తిప్పేస్తాయి, చచ్చిన పళ్లెం కూడా బతికినట్టు కనిపిస్తుంది. దెబ్బతిన్న కణాల్లోంచి కారే ఎల్‌డీహెచ్, బతికిన కణాల్లో ఉండే ఏటీపీ కొలవడం మేలు.

వెలిగింది పెరాక్సీనైట్రైటే అని తేల్చడానికి దాన్ని పుట్టించే రసాయనం సిన్-1 ఇచ్చి ఒక పాజిటివ్ వరస, దాన్ని తినేసే ఎబ్‌సెలెన్‌తో ఆర్పే వరస ఉండాలి. ఎబ్‌సెలెన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ తినేస్తుంది కాబట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మాత్రమే విరగ్గొట్టే, కణంలోకి వెళ్లగల పెగ్-కాటలేజ్ ఎంజైముతో మూడో వరస.

హెపాఆర్‌జీలో బావంచాల ఇథనాల్ సారం 6 గంటలకే మెరుపు పెంచింది, అప్పటికి ఎల్‌డీహెచ్ కదల్లేదు. ఎబ్‌సెలెన్ ఆ మెరుపును తగ్గించింది, పెగ్-కాటలేజ్ పెద్దగా తగ్గించలేదు. పసుపు, కరక్కాయ విడిగా కంట్రోల్ స్థాయిలోనే ఉన్నాయి. వేడినీటి కషాయం కూడా పెద్దగా మెరవలేదు, సొరాలెన్‌లు నీటిలో సరిగా కరగవు. పాలలో కొవ్వు ఉంటుంది, పైగా ఆమె గింజల పొడినే మింగింది. కాబట్టి కషాయం మెరవకపోవడం ఊరట కాదు.

ఎలుకల దాకా వెళ్లాలంటే మోతాదు లెక్క తెలియాలి. 6 గ్రాములను 54 కిలోలతో భాగిస్తే కిలోకు 111 మి.గ్రా., చిట్టెలుకకు (మౌస్) 12.3తో హెచ్చిస్తే కిలోకు సుమారు 1367 మి.గ్రా. ఎలుకల మేతలో అల్ఫాల్ఫా ఉంటే దాని పత్రహరితం పేగుల్లో మెరిసి కాలేయం మెరుపును మింగేస్తుంది, వారం ముందే మేత మార్చాలి. ఇంకా పెద్ద చిక్కు: దెబ్బతిన్న కాలేయం ప్రోబ్‌ను లోపలికి తీసుకోదు, తీసుకున్నది పైత్యంలోకి నెట్టలేదు. మెరుపు తగ్గితే ఒత్తిడి తగ్గిందా, ప్రోబ్ చేరలేదా? రెండు రంగుల నిష్పత్తి కొలిచే ప్రోబ్ లేకపోతే ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ఏమీ కాకపోవచ్చు కూడా. ఏ మనిషికి పడదో ముందే చెప్పలేని రకం దెబ్బలివి. ఈ కేసులో ఎలుకల పని చేయలేదు, కణాల ఫలితం చాలు.

ఆ ఫలితాన్ని కేసు షీటులో ఎలా రాయాలన్నది వాదనకు వచ్చింది. రూకామ్‌లో ప్రోబ్‌కు గడి లేదు, ఒక్క పాయింటూ కలపలేదు, 7 అలాగే ఉంచారు. మెరుపు చెప్పింది పొడి గురించి, ఆమె గురించి కాదు. దినుసుల వారీగా అనుమానం బావంచాల మీదికి తిప్పడానికి మాత్రం అది ఆధారం.

వైద్యం మామూలుదే. పొడి, పసరు, పారాసిటమాల్ అన్నీ ఆపడం, విటమిన్ కె 10 మి.గ్రా., రోజూ ఐఎన్‌ఆర్, పూటపూటా స్పృహ చూడడం. మాట తడబడినా, పగలు నిద్ర మొదలైనా అదే గంటలో మార్పిడి సౌకర్యం ఉన్న చోటికి పంపాలని ఇంటివాళ్లకు ముందే చెప్పి, బండి సిద్ధం చేయించారు. స్పృహలో అలాంటి తేడా వస్తే ఎన్-అసిటైల్ సిస్టీన్ మొదలెట్టే మోతాదు కూడా షీటు మీద రాసిపెట్టారు: కిలోకు 150 మి.గ్రా. గంటలో, తరువాత గంటకు 12.5 చొప్పున 4 గంటలు, ఆపైన గంటకు 6.25 చొప్పున 67 గంటలు. అవసరం పడలేదు. ఆరో రోజుకు ఐఎన్‌ఆర్ 1.2. బిలిరుబిన్ మాత్రం నాలుగో రోజు 15.6కు పెరిగి, నెమ్మదిగా దిగింది. ఆల్బుమిన్‌కు అతుక్కున్న బిలిరుబిన్ ఆల్బుమిన్‌తోనే పోవాలి, దాని అర్ధాయువు సుమారు మూడు వారాలు. ఏఎల్‌టీ పడిపోతున్నా కళ్లు పచ్చగానే ఉన్నాయని కూతురు మళ్లీ పసరుకు తీసుకెళ్లబోయింది, ఈ లెక్క చెప్పాక ఆగింది. పదో వారానికి ఏఎల్‌టీ 31, బిలిరుబిన్ 1.1.

అనుమానిత దుష్ప్రభావం ఫారం, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి వెళ్లింది. టోల్‌ఫ్రీ 1800-180-3024. ఫారంలో మందు పేరు గడిలో 'మూలిక పొడి' అని రాసి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. దినుసులు, పాళ్లు, స్పూను బరువు, ఎన్నాళ్లు, దేనితో తాగారు అన్నీ రాయాలి.

బొల్లి వైద్యం ఆగకూడదు కాబట్టి చర్మ వైద్యుడికి చీటీ రాశారు. పైపూత టాక్రోలిమస్, నారోబ్యాండ్ యూవీబీ వాడవచ్చు. నోటిద్వారా మెథాక్సాలెన్ మాత్రలు వద్దు, అవి సొరాలెన్ కుటుంబానివే. బాకుచి తైలం పైపూత కూడా వద్దు. రోగికి ఇచ్చిన కార్డు మీద ఈ రెండు వద్దులూ తెలుగులో, ఒడియాలో రాయించారు.